సంతకం పెట్టే నౌకరి

హాలిడే అంటే సెలవు. ఆ మాత్రం ఇంగ్లీషు శ్యామలమ్మకు వచ్చు. ఏడో తరగతి దాకా చదివిన మనిషి; బస్సు బోర్డులు చదువుతుంది, మందు సీసా మీద తేదీ చదువుతుంది. అందుకే కూతురు హిమజ టైర్ల కంపెనీలో చేరిన మొదటి రోజు సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూ, "మా కంపెనీకి ఐదేండ్లు ట్యాక్స్ హాలిడే ఉన్నదట అమ్మా" అనగానే ఆమె చేతిలో బియ్యం చేట ఆగిపోయింది.

"ఐదేండ్లు సెలవైతే జీతమెవరిస్తరు బిడ్డా?"

"సెలవు మాకు గాదే, పన్నుకు. పాత టైర్లు ఉడకవెట్టి నూనె తీస్తున్నం గదా. భూమిల్నుంచి వచ్చే నూనె గాదు ఇది. గిట్లాంటి నూనె తీసేటోళ్లను సర్కారు ఐదేండ్లదాంక పన్ను కట్టొద్దన్నది."

"మరి ఐదేండ్లైనంక?"

"ఐనంక సూద్దాం."

"ఐనంక మూసేస్తరు," అని శ్యామలమ్మ తేల్చేసింది.

మంచం మీద నడుం వాల్చిన కొమురెల్లి గోడవైపు తిరిగి, "పొద్దుగాల నౌకరి దొరికింది, పొద్దుమూకంగనే ఊడగొట్టింది మీ అమ్మ," అన్నాడు.

భార్యను అతను బాగానే చదివాడు. ఎంత మంచి వార్త చెప్పినా ముందు తిరగేసి వెనకవైపు చూసే మనిషి శ్యామలమ్మ. కూతురికి ఒక రోజు జ్వరమొస్తే టైఫాయిడ్. మూడు రోజులుంటే పేరు కూడా తెలియని ఇంకేదో. ఉప్పల్ నుంచి రావలసిన బస్సు పావుగంట ఆలస్యమైతే రింగు రోడ్డు మీద లారీ. కొమురెల్లి మల్లాపూర్‌లో ఇనుము కోసే లేత్ షాపులో పనిచేస్తాడు. అతని వేళ్లు పదీ ఉన్నాయో లేవో అన్నం వడ్డించేటప్పుడు రోజూ కంటితో చూసుకునేది. ఆ సంగతి అతనికీ తెలుసు. అప్పుడప్పుడు కావాలని ఒక వేలు మడిచి కంచం ముందు కూర్చునేవాడు. ఆమె గరిటె జారవిడిస్తే కడుపుబ్బ నవ్వేవాడు.

హిమజ వాళ్లకు ఒక్కతే. జనగామ పక్క నుంచి నాచారం వచ్చి రెండు గదుల్లో అద్దెకు దిగినప్పుడు చంకలో ఉన్న పిల్ల, బీఎస్సీ కెమిస్ట్రీ పాసయింది. పాసయ్యాక ఆరు నెలలు మందుల కంపెనీల గేట్ల చుట్టూ తిరిగింది. అందరిదీ ఒకటే ప్రశ్న, ఎక్స్‌పీరియన్స్ ఉందా అని. లేకపోయినా ఫర్వాలేదన్నది ఈ టైర్ల కంపెనీ ఒక్కటే. అది రెండువేల ఏడు, వానలు మొదలైన రోజులు.

మల్లాపూర్ సందుల్లో ఒక రేకుల షెడ్డు. దాని మధ్యలో లారీ అంత పొడుగు ఇనుప డ్రమ్ము. దాన్ని రియాక్టర్ అనాలని హిమజ చెప్పింది గాని శ్యామలమ్మ నోటికి డ్రమ్మే అలవాటైంది. అరిగిపోయిన లారీ టైర్లను కోసి అందులో నింపుతారు, తలుపు బిగించి కింద మంట వేస్తారు. గాలి తగలకుండా రబ్బరు ఉడికి ఆవిరవుతుంది. ఆ ఆవిరి పైపుల్లో చల్లబడి నల్లటి నూనెగా కారుతుంది. ఇటుక బట్టీల వాళ్లు, బాయిలర్ల వాళ్లు కొనుక్కుపోతారు. గంటగంటకూ పైపు దగ్గరికి పోయి సీసాలో నూనె పట్టి పరీక్ష చేయడం హిమజ పని.

తలస్నానం చేసినా దువ్వెనకు టైరు వాసన అంటుకునేది. గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదు. ముక్కు చీదితే నల్లగా వచ్చేది. ఇవన్నీ శ్యామలమ్మ ఒక్కొక్కటే గమనించి, ఒక్కొక్క దానికీ ఒక్కొక్క జబ్బు పేరు పెట్టి, ఎవరికీ చెప్పకుండా లోపల దాచుకునేది.

బతుకమ్మ పండుగ ఇంకో వారం ఉందనగా, అన్నం తింటూ హిమజ మామూలు మాటలా ఒక మాట చెప్పింది. వాళ్ల షెడ్డుకు రెండు సందుల అవతల ఇంకో టైర్ల షెడ్డు ఉంది. అక్కడ డ్రమ్ము చల్లారక ముందే తలుపు తీశారట. మంట ఒక్కసారి మీదికొచ్చి, చెంగిచెర్ల నుంచి వచ్చే ఒకతని చేతులు మోచేతుల దాకా కాలాయట. గాంధీ దవాఖానాలో ఉన్నాడట.

"జర ఆగి తీయాలె. తొందరపడ్డరు," అని హిమజ పచ్చడి కలుపుకుంది.

శ్యామలమ్మ కలిపిన ముద్ద కంచంలోనే వదిలి, పిల్ల మోచేతుల వైపు చూసింది.

నాలుగు రోజులు ఆమె ఒకటే ఆలోచించింది. బిడ్డను నౌకరి మానమంటే మానదు. మాన్పిస్తే మళ్లీ ఆ గేట్ల చుట్టూ తిరగాలి. మంట దగ్గరి నుంచి తప్పించాలి, అంతే. ఎక్కడికి?

శ్యామలమ్మ తండ్రిది వేలిముద్ర. అత్తది వేలిముద్ర. తాసీల్దారు ఆఫీసులో వేలికంటిన సిరాను కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చే మనుషుల మధ్య పెరిగింది ఆమె. వేలిముద్ర వేసేవాళ్లు ఎండలో నిలబడేవాళ్లు. సంతకం పెట్టేవాళ్లు లోపల, ఫ్యాను కింద, కుర్చీలో ఉండేవాళ్లు. పట్వారీ, బ్యాంకు మేనేజరు, హెడ్మాస్టరు. వాళ్లలో చేతులు కాలినవాడిని, యంత్రంలో వేలు పోయినవాడిని ఆమె ఇంతవరకూ చూడలేదు. ఈ లోకంలో దెబ్బ తగలని పని ఏదైనా ఉంటే అది సంతకం పెట్టే పని. దీని గురించి ఆమెకు అనుమానమే లేదు, అన్నిటినీ అనుమానించే మనిషికి.

మరునాడు మధ్యాహ్నం హిమజకు చెప్పకుండా కంపెనీ గేటు దగ్గరికి పోయింది. ఓనరు జనార్ధనరావు అప్పుడే కారు దిగుతున్నాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ఏలూరు వైపు మనిషని హిమజ చెప్పగా విన్నది.

"నమస్తే సార్. నేను హిమజ అమ్మను."

"చెప్పండమ్మా. అమ్మాయికి ఒంట్లో బాగాలేదా?"

"మంచిగనే ఉన్నది సార్. మంచిగ ఉండంగనే అడుగుదామని వచ్చిన."

అతను నవ్వాడు. లోపలికి పోబోయినవాడు ఆగాడు.

"నాకు ఒక్కతే బిడ్డ సార్. దాన్ని గా డ్రమ్ము కాడ నిలవెట్టకుండ్రి. మీ ఆఫీసుల కాయితాల పని ఉంటది గదా, సంతకాలు పెట్టే పని. గండ్ల పెట్టుండ్రి. మీ కాల్మొక్త. జీతం పెంచకున్నా మంచిదే."

"మీ అమ్మాయేమంటుంది?"

"దానికి తెల్వదు సార్. నేనే అడుగుతున్న."

జనార్ధనరావు ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. "చూద్దాం లెండి," అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "మీ అమ్మాయి సంతకం బాగుంటుందా?"

"మస్తుంటది సార్. ముత్యాల లెక్క రాస్తది."

ఆ సాయంత్రం హిమజ గుమ్మంలో అడుగు పెడుతూనే బ్యాగు నేలకేసి కొట్టింది. "దిమాక్ ఉన్నదా అమ్మా నీకు? ఇరవై మంది ముంగట సారు నవ్విండు. 'మీ అమ్మగారొచ్చి సిఫార్సు చేసి వెళ్లారు' అన్నడు. నేను కెమిస్టునా, చిన్న బడి పిల్లనా?"

"అంటే అననియ్యి. ఇచ్చిండా?"

హిమజ కింద పడ్డ బ్యాగు తీసి మేకుకు తగిలించింది.

"ఇచ్చిండా లేదా బిడ్డా?"

"ఇచ్చిండు. రేపట్నుంచి ప్రొడక్షన్ ఇన్‌చార్జిని నేనే. రెజిస్టరంత నా చేతులనే."

"కుర్చీ?"

"కుర్చీ ఉన్నది. ఫ్యాన్ ఉన్నది. నా పేరు మీద రబ్బరు స్టాంపు గూడ చేపిస్తడట. సాలా?"

చాలు. శ్యామలమ్మకు అంతకన్నా ఇంకేమీ అక్కర్లేదు. ఆ మరునాడు పక్క వాటా సూర్యకళ నీళ్ల కోసం వస్తే, బిందె నిండేలోగా మొత్తం కథ చెప్పేసింది. సూర్యకళ భర్త రైల్వేలో గుమాస్తా, సామర్లకోట మనుషులు. సూర్యకళకు ఏ సంగతైనా కొంచెం తెలుసు.

"స్టాంపు కూడానా వదినా? మా ఆయనకి పద్దెనిమిదేళ్ల సర్వీసు, ఇంతవరకూ స్టాంపు ఇవ్వలేదు," అంది సూర్యకళ. "ఇక మీ అమ్మాయి దగ్గరికి మేము అర్జీలు పట్టుకుని రావాలన్నమాట."

"వస్తే వద్దంటదా? కుర్చేసి కూసోబెడ్తది," అంది శ్యామలమ్మ. ఆమె హాస్యమాడటం సూర్యకళ వినడం అదే మొదటిసారి.

మూడు నెలలు ఆ ఇల్లు చల్లగా ఉంది. హిమజ జుట్టులో వాసన పోయింది, గోళ్లు తెల్లబడ్డాయి. బస్సు ఆలస్యమైనా శ్యామలమ్మ గుమ్మం దాకా పోయి వచ్చేది గాని సందు చివరికి పోయేది కాదు. కొమురెల్లి వేలు మడిచి కూర్చున్నా, "తొమ్మిదే ఉన్నయేంది, ఒకటి మీ సేటుకిచ్చినవా?" అని ఎదురు అడిగింది. అతను తెల్లబోయి వేలు చాపాడు.

సంక్రాంతి వెళ్లాక పిల్ల మాటలు తగ్గాయి.

అన్నం సగం వదిలేసేది. పిలిస్తే రెండోసారికి పలికేది. ఆదివారం కూడా చేతి వేళ్లు చూసుకుంటూ కూర్చునేది. శ్యామలమ్మ మొదట కళ్లు పచ్చబడ్డాయేమోనని రెప్ప లాగి చూసింది. తర్వాత మనసులో అబ్బాయెవరైనా ఉన్నాడేమోనని అనుమానపడింది. హెచ్‌ఎంటీ నగర్‌లో డాక్టరమ్మకు చూపించింది. రక్తం తక్కువుందని ఆమె గోలీలు రాసిచ్చింది. గోలీలు అయిపోయాయి, పిల్ల మాత్రం అలాగే ఉంది. చివరికి ఒక సాయంత్రం చిక్కుడుకాయలు తుంచుతూ సూటిగా అడిగింది.

"ఏమైందో చెప్తవా, నేను మల్ల మీ సారు కాడికి పోయి అడగాల్నా?"

ఆ మాటకు హిమజ ఉలిక్కిపడింది. "వద్దు. పోకు. చెప్త." తల్లి ముందు కూర్చుని తనూ ఒక చిక్కుడుకాయ తీసుకుంది. "దినాం పొద్దుగాల ట్యాంకరొస్తున్నదమ్మా. మెకానిక్ షెడ్లల్ల బండ్లల్నుంచి తీసేసిన ఇంజన్ ఆయిల్. కొని తెస్తున్నరు. దాన్ని మా టైర్ల నూనెల కలిపి అమ్ముతున్నరు."

"కలిపితే?"

"కొన్న నూనెకు పన్ను ఉంటది. మేం తీసిన నూనెకు లేదు. గందుకని మొత్తం మా డ్రమ్ములనే తీసినమని రాపిస్తున్నడు. పది టన్నుల టైర్లేస్తే నాలుగు టన్నుల నూనొస్తది. ఏడొచ్చిందని రాయాలె. కింద నేను సంతకం పెట్టాలె. నా సంతకం ఉంటేనే పన్ను మాఫీ."

శ్యామలమ్మ చేతులు ఆగాయి. ఆమె మనసు మాత్రం ఆ ట్యాంకరు వెంట, కలిసే ఆ రెండు నూనెల వెంట పరుగెత్తింది.

"రెండు నూనెలు కలిపితే పేలుతదా?"

"పేలదు."

"మంటొస్తదా?"

"రాదమ్మా."

"నువ్వు ఆడికి పోవాల్నా, కలిపే కాడికి?"

"లేదు. నేను కుర్చీలనే ఉంట."

శ్యామలమ్మ పొడుగ్గా ఊపిరి విడిచింది. "మరింకేంది బిడ్డా. ఇల్లు కాలిపోయినట్టు మొకం పెడితివి. సారు పెట్టమన్నకాడ పెట్టు. ఎదురు మాట్లాడితే మల్ల గా డ్రమ్ము కాడికి పంపిస్తడు."

"అది దొంగ లెక్క అమ్మా."

"లెక్క ఆయనది. కంపెనీ ఆయనది. నువ్వు జీతగత్తెవు. నీకేం వస్తది దాంట్ల?"

హిమజ తల్లి వైపు చూసింది. చేతిలో చిక్కుడుకాయ తుంచి గిన్నెలో వేసింది. ఆ తర్వాత మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తలేదు గనుక శ్యామలమ్మ కూడా, పిల్ల సర్దుకుందిలే అనుకుంది.

మార్చి మొదటి వారంలో, ఎండ నడినెత్తి మీదున్న వేళ హిమజ ఇంటికొచ్చింది. అంత పొద్దుండగా ఎప్పుడూ రాలేదు. శ్యామలమ్మ ఒక్క గంతులో గుమ్మంలోకొచ్చి పిల్ల చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసింది, మెడ చూసింది, ముఖం చూసింది.

"ఏమన్న కాలిందా?"

"ఏం కాలలే."

"ఎవరికన్న?"

"ఎవరికేం కాలే అమ్మా. ట్యాక్సోళ్లొచ్చిన్రు. షెడ్డుకు సీలేసిన్రు. రెజిస్టర్లు తీస్కపోయిన్రు."

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట విని ఒక్క క్షణం, ఒక్క క్షణమే, శ్యామలమ్మ ఒళ్లు తేలికైంది. కూతురు వచ్చి గోడకు ఆనుకుని నేల మీద కూలబడటం చూశాక గాని ఆ తేలికతనం పోలేదు.

జనార్ధనరావుకు ఫోన్ చేస్తే మొదటి రెండు రోజులూ, "కంగారు పడకండమ్మా, ఇవన్నీ మామూలే, నేను చూసుకుంటాను" అన్నాడు. మూడో రోజు నుంచి ఫోను మోగేది, ఎత్తేవాడు కాదు. వారం తిరగకముందే హిమజ పేరు మీద నోటీసొచ్చింది. 'ప్రొడక్షన్ ఇన్‌చార్జి శ్రీమతి హిమజ' సోమవారం పదకొండింటికి పన్నుల ఆఫీసుకొచ్చి వాంగ్మూలం ఇవ్వాలని.

"పెండ్లి గాని పిల్లను శ్రీమతి అని రాసిన్రేంది?" అని శ్యామలమ్మ ముందు దాని మీద ఏడ్చింది. అసలు దాని మీద ఏడవడానికి ఆమెకు ఇంకా ధైర్యం చాలలేదు.

కొమురెల్లి నోటీసును రెండుసార్లు తిరగేసి చూశాడు. "ఏం చెప్తవు బిడ్డా?"

"ఉన్నది ఉన్నట్టు చెప్త నాయినా. సారు రాయమన్నడు, రాసిన. ట్యాంకర్ల నంబర్లు గూడ యాదికున్నయి. కొన్ని చీటీ మీద రాసి పెట్టుకున్న."

"నమ్ముతరా?"

"ఎందుకు నమ్మరు? నిజం గదా."

కొమురెల్లికి ఆ రోజు లేత్ షాపులో సెలవు దొరకలేదు. శ్యామలమ్మ వస్తానంది. హిమజ వద్దంది. తెల్లారి పిల్ల లేచేసరికి ఆమె చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని తయారుగా ఉంది.

"వస్తే బయట బెంచీ మీద కూసో. లోపలికి రాకు. ఎవరన్న ఏమన్న అడిగినా మాట్లాడకు. నా మీద ఒట్టు," అంది హిమజ.

"మాట్లాడ."

ఆఫీసు మూడో అంతస్తులో. వరండాలో బీరువాలు, కట్టలు కట్టిన ఫైళ్లు, ఒక బెంచీ. హిమజ లోపలికి పోయింది. తలుపు సగమే మూశారు. శ్యామలమ్మ బెంచీ అంచున కూర్చుని, వచ్చేపోయే ప్రతి మనిషి బట్టల రంగు చూసింది. ఒకసారి ఖాకీ చొక్కా కనపడితే లేచి నిలబడింది. అతను టీ గ్లాసులు తీసుకుపోయే అటెండరు. మళ్లీ కూర్చుంది.

అరగంట గడిచింది. గంట అయింది. పిల్లను ఇంతసేపు ఏం చేస్తున్నారు? నీళ్లయినా ఇచ్చారా? ఇక్కడి నుంచి ఇంటికి పంపుతారా, ఇంకెక్కడికైనా తీసుకుపోతారా? అంబర్‌పేటలో ఉండే తన అక్క కొడుకు ఒకడు వకీలు దగ్గర పనిచేస్తాడు, అతనికి చెప్పి రావలసింది. బుద్ధి లేక చెప్పలేదు. తలుపు సందులోంచి మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. ఉన్నట్టుండి లోపలి గొంతు కొంచెం పెరిగింది.

"చూడమ్మా, ఈ పని మీరే ఏరి కోరి తీసుకున్నారని ఆయన రాసిచ్చాడు. నువ్వేమో కాదంటున్నావు."

"నేను అడగలే సార్," అని హిమజ గొంతు. అందులో తడి ఉంది.

శ్యామలమ్మ కాళ్లు వాటంతటవే లేచాయి. బిడ్డ అడగలేదన్న సంగతి ఆమెకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఒట్టు గుర్తుంది. గుర్తుండగానే తలుపు తోసింది.

బల్ల వెనక ఉన్న ఆఫీసరు ముందు, ఉమామహేశ్వర్ అని పేరు రాసిన చెక్క ఉంది. నెరిసిన జుట్టు, అలసిన ముఖం. పక్కన గుమాస్తా రాసుకుంటున్నాడు. హిమజ తల తిప్పి చూసి, "అమ్మా, బయటికి పో," అంది మెల్లగా.

"పోత. ఒక్క మాట చెప్పి పోత." శ్యామలమ్మ చేతులు జోడించింది. "సార్, నా బిడ్డ తప్పేం లేదు సార్. గా సంతకాల పని అది అడగలే. దానికి తెల్వనే తెల్వదు. నేనే అడిగిన. నేనే గేటు కాడికి పోయి, చేతులు జోడిచ్చి, నా బిడ్డను సంతకాలు పెట్టే పనికి పెట్టుండ్రి సార్ అని బతిలాడిన."

గుమాస్తా కలం ఎత్తి ఆఫీసరు వైపు చూశాడు.

"మీరు అడిగారా?"

"అవ్ సార్. నేనే."

"ఓనరు తనంతట తాను ఇవ్వలేదా?"

"లేదు సార్. ఆయన సూద్దాం అన్నడు. నేనే జిద్దు చేసిన. డ్రమ్ము కాడ మంట భయమని..."

ఉమామహేశ్వర్ ముందున్న కాగితాల్లోంచి ఒకటి పైకి తీశాడు. "జనార్ధనరావుగారు ఇందులో రాసింది ఇదే. అమ్మాయి తల్లి వచ్చి పట్టుబట్టి రిజిస్టరు బాధ్యత ఇప్పించుకున్నారు, ఆ తర్వాత అందులో ఏం రాసేవారో నేను చూడలేదు అని." కాగితం కింద పెట్టి హిమజ వైపు తిరిగాడు. "మా ఇంట్లోవాళ్లెవరూ అడగలేదు, ఆ మాట అబద్ధం అని ఇప్పటిదాకా నువ్వు మూడుసార్లు చెప్పావమ్మా. మూడుసార్లూ రాసుకున్నాం."

హిమజ కళ్లు దించుకుంది. "మా అమ్మను గీ ఆఫీసుల చుట్టూ తిప్పొద్దని అట్ల చెప్పిన సార్. మిగిలినదంత నిజం. ట్యాంకర్లు నిజం. ఆయన రాయమన్నది నిజం."

"కావచ్చు," అన్నాడతను. అంతకంటే గట్టిగా అనలేదు. "ఆయన రాయమన్నట్టు కాయితం లేదు. నువ్వు రాసినట్టు ఉంది. నువ్వు చెప్పిన ఒక్క మాట అబద్ధమని మీ అమ్మగారే చెప్పారు. పై వాళ్లు చదివేటప్పుడు ఏది నమ్ముతారో నేను చెప్పలేను."

శ్యామలమ్మ ఒకరి ముఖం నుంచి ఒకరి ముఖానికి చూసింది. తను మంచి మాటే చెప్పింది. నిజమే చెప్పింది. అయినా గదిలో ఏదో తారుమారైందని, చేసింది తనేనని కొద్దికొద్దిగా తెలిసింది. "సార్, మల్ల చెప్త సార్, నేను చెప్పింది కొట్టెయ్యుండ్రి," అంది.

"అలా కుదరదమ్మా."

గుమాస్తా రాసింది చదివి వినిపించాడు. ఆమె అన్న మాటలే, ఆమెవి కాని పదాల్లో. 'నా కోరిక మేరకే నా కుమార్తెకు సంతకం చేయు అధికారం ఇవ్వబడినది.' కింద ఖాళీ చూపించి కలం ఇచ్చాడు.

"వేలిముద్రా అమ్మా?"

"సంతకం వస్తది," అంది శ్యామలమ్మ.

ఆమె వంగి, గీత దాటకుండా, ఒక్కో అక్షరం ఒత్తి రాసింది. రాస్తున్నంతసేపూ వెనక నుంచి కూతురు ఆపుతుందేమోనని చూసింది. హిమజ ఆపలేదు.

కేసులో ఓనరు పేరుతో పాటు ఇన్‌చార్జి పేరు కూడా ఉంటుందని, పిలిచినప్పుడల్లా రావాలని, ఊరు విడిచి పోవద్దని చెప్పి పంపించారు. మెట్లు దిగుతూ హిమజ పర్సులోంచి చిన్న చీటీ తీసింది, ట్యాంకర్ల నంబర్లది. వాళ్లు తీసుకోలేదా అని శ్యామలమ్మ అడిగింది. నంబర్లు రాసుకున్నారు, చీటీ ఎవరైనా రాయొచ్చన్నారు అని హిమజ చెప్పి, దాన్ని మళ్లీ మడిచి లోపల పెట్టుకుంది.

బస్టాపులో నీడ లేదు. శ్యామలమ్మ కొంగు నెత్తి మీద కప్పుకుని అడిగింది.

"తప్పు మాట్లాడిన్నా బిడ్డా?"

"లేదమ్మా. నిజమే చెప్పినవు."

"మరి నువ్వెందుకు లేదన్నవు వాళ్లతోని?"

"నీకు ఫికరైతదని." హిమజ రోడ్డు వైపు చూస్తూనే అంది. "నాయినకు నేను చెప్త. నువ్వేం చెప్పకు. సూర్యకళమ్మకు గూడ ఏం చెప్పకు. నా గురించి ఇంక ఎవ్వర్ని ఏం అడగకు అమ్మా. డాక్టరును గూడ."

"అడగ."

నాచారం బస్సు నిండుగా వచ్చింది. ఆడవాళ్ల సీట్లలో ఒకటే ఖాళీ. హిమజ తల్లిని అందులో కూర్చోబెట్టి తను పక్కన నిలబడింది. బస్సు కుదుపుతో కదిలింది. ఒక చేతిలో బ్యాగు, ఇంకో చెయ్యి ఊరికే వేలాడుతోంది. పిల్ల దేన్నీ పట్టుకోలేదు. పైన పైపు గట్టిగ పట్టుకో బిడ్డా అన్న మాట శ్యామలమ్మ నోటి దాకా వచ్చింది. ఆమె పెదవులు బిగించుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.